కొండకి సై అనే సైకిలు

విడిభాగాలు ఒక్కొక్కటే ఏరి తెచ్చి సొంతంగా సైకిలు కట్టించుకోవాలన్నది ఇప్పటి కుర్రాళ్ల సరదా. అందులోనూ ముందూ వెనకా షాకబ్జార్బర్లు ఉండే మౌంటెన్ బైకు అంటే మరీ మోజు. ఖర్చు లక్షల్లో! ఆ డబ్బు సార్థకమయ్యేదీ నీళ్లపాలయ్యేదీ ఒక్క ఎంపికతోనే తేలిపోతుంది. అదే... ఫ్రేము.

'రిమ్ములు గట్టివి వెయ్యి. సీటు తోలుదే కావాలి. క్యారియరు వెడల్పుగా ఉండాలి. డైనమో, స్టాండు, తాళం మర్చిపోకు!'

కోటవురట్ల, నర్సీపట్నం లాంటి ఊళ్లలో ఒకప్పుడు సైకిలు కొనడమంటే ఇలాగే ఉండేది. ఫ్యాక్టరీ నుంచి ఫ్రేమూ, చక్రాలూ, హ్యాండిలూ విడివిడిగా వచ్చేవి. షాపులో మేస్త్రి ఒక్కొక్కటే బిగిస్తుంటే కొన్నవాళ్లు పక్కనే ముక్కాలిపీట మీద కూర్చుని చూసేవారు. సాయంత్రానికి సైకిలు తయారు. పసుపు, కుంకుమ, నిమ్మకాయ... ఆపైన ఇంటికి!

ఇప్పుడు దాన్నే 'కస్టమ్ బిల్డ్' అంటున్నారు. పేరు మారింది, అంకెలూ మారాయి. నాన్న కట్టిన డబ్బులో సున్నాలు పెరిగాయి. 'ఒట్టి ఫ్రేముకే లక్షా? ఆ డబ్బుతో మోటారు సైకిలే వస్తుంది కదరా!' అని పెద్దవాళ్లు గుండె మీద చెయ్యి వేసుకుంటే అందులో తప్పేం లేదు. 'మోటారు సైకిలు వెళ్లని చోటికి ఇది వెళ్తుంది' అని పిల్లలు అనడంలోనూ అబద్ధం లేదు. మరి లక్ష పెట్టేముందు ఇద్దరూ కలిసి చూసుకోవాల్సినవి ఏమిటి?

ముందు దారి... తర్వాతే సైకిలు

కోటవురట్ల కుర్రాడికి కొండ దూరమేం కాదు. నర్సీపట్నం దాటి చింతపల్లి రోడ్డెక్కితే ఘాట్ మొదలు. పైన సముద్ర మట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో లంబసింగి. చలికాలం శని, ఆదివారాల్లో మంచు చూడ్డానికి కార్లు బారులు తీరే దారి ఇది. ఒకనాడు బ్రిటిష్ అధికారులు సరైన కూలైనా ఇవ్వకుండా గిరిజనులతో బలవంతంగా వేయించిన దారి కూడా ఇదే. 1922లో అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటానికి ఆ కష్టమూ ఒక కారణం.

అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. మీవాడు తొక్కబోయేది ఈ తారు రోడ్డునా? లేక రోడ్డు దిగి రాళ్లూ వేళ్లూ వాగులూ ఉన్న కాలిబాటనా?

తారు రోడ్డయితే వెనక షాకబ్జార్బరు అక్కర్లేదు. అది అదనపు బరువు, అదనపు ఖర్చు, అదనపు రిపేరు. ఊరి చుట్టూ తోటల్లోని ఎర్రమట్టి బాటలకైనా ముందు ఫోర్కుకి మాత్రమే సస్పెన్షన్ ఉండే 'హార్డ్‌టెయిల్' సైకిలు చక్కగా సరిపోతుంది. ధర తక్కువ, చాకిరీ తక్కువ. ఈ ఒక్క ప్రశ్నకు నిజాయతీగా జవాబు చెప్పుకుంటే సగం ఇళ్లలో లక్ష రూపాయలు మిగిలిపోతాయి!

పిడికెడేసి రాళ్ల మీదుగా, మెట్లు మెట్లుగా ఉన్న ఏటవాలు బాటల్లో వేగంగా దిగాలన్నప్పుడే వెనక సస్పెన్షన్ తన విలువ చూపిస్తుంది. చక్రం ఎగిరిపడకుండా నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. నేలను పట్టుకున్న చక్రానికే బ్రేకు పడుతుంది, మలుపు తిరుగుతుంది. అంటే అది సుఖం కోసం పెట్టిన మెత్తని పరుపు కాదు... అదుపు కోసం పెట్టిన ఏర్పాటు. ఇంకోమాట. అటవీ శాఖ పరిధిలోని బాటలకు అనుమతి కావాలి. గూడేల మధ్య బాటల మీద నడిచేవాళ్లు ఉంటారు. వాళ్లదే మొదటి హక్కు.

ఫ్రేములు తట్టుకోలేకే పుట్టింది

మౌంటెన్ బైకు పుట్టుక కథ కూడా ఫ్రేముతోనే ముడిపడి ఉంది. 1970ల్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో తామల్పాయస్ కొండ మీద నుంచి కొందరు యువకులు పాత సైకిళ్లేసుకుని మట్టి దారిలో దూసుకొచ్చేవారు. 1976లో పందేలూ మొదలుపెట్టారు. దిగేసరికి వెనక హబ్బులోని బ్రేకు వేడెక్కి గ్రీజంతా కాలి పొగలయ్యేది. మళ్లీ గ్రీజు దట్టించాల్సి వచ్చేది. అందుకే ఆ పందేనికి 'రీప్యాక్' అనే పేరొచ్చింది. ఆ కుదుపులకి పాత ఫ్రేములు ఎన్నాళ్లు ఆగుతాయి? వాళ్లలోనే ఒకడైన జో బ్రీజ్ 1977లో కొండ కోసమే ప్రత్యేకంగా ఫ్రేము తయారుచేశాడు. 1989లో రాక్‌షాక్స్ కంపెనీ సస్పెన్షన్ ఫోర్కు తెచ్చింది. 1990ల్లో వెనక చక్రానికీ సస్పెన్షన్ విస్తరించింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మౌంటెన్ బైకింగ్ పతకాల క్రీడ అయింది.

'డబుల్ షాకర్' మాయ

'మా టౌన్లో పన్నెండు వేలకే రెండు షాకబ్జార్బర్ల సైకిలు దొరుకుతోంది. లక్షలెందుకు?' న్యాయమైన సందేహమే. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. తేడా అంతా లోపలే. చవక సైకిల్లో ఉండేది ఒట్టి స్ప్రింగు. నొక్కితే లోపలికి వెళ్తుంది, వదిలితే అంతే జోరుగా ఎగిరి తంతుంది. అసలైన షాకబ్జార్బరులో స్ప్రింగుతోపాటు నూనె ఉంటుంది. ఆ నూనె సన్నని రంధ్రాల గుండా కదులుతూ కుదుపును మింగేస్తుంది, తిరిగి వచ్చే వేగాన్నీ అదుపులో పెడుతుంది. ఆ నూనె పని లేకపోతే రాయి మీద ఎక్కిన ప్రతిసారీ సైకిలు మనిషిని పైకి ఎగరేస్తుంది. ఎత్తు తొక్కుతుంటే కాలి బలమంతా స్ప్రింగు ఊగడానికే సరి! చవక డబుల్ షాకర్ కన్నా అదే ధరకు వచ్చే మామూలు సైకిలు ఎంతో నయం.

ఎన్ని మిల్లీమీటర్లు కావాలి?

వెనక చక్రం పైకి ఎంత కదలగలదో దాన్ని 'ట్రావెల్' అంటారు. ఫ్రేముల్ని విడదీసేది మొదట ఈ లెక్కే. దూరాలు తొక్కేవాళ్ల క్రాస్‌కంట్రీ ఫ్రేముల్లో ఇది 100 నుంచి 120 మి.మీ. ఎక్కుడూ దిగుడూ రెండూ కావాలనుకునేవాళ్ల ట్రైల్ ఫ్రేముల్లో 120 నుంచి 150. నిటారు దిగుడు పందేల ఎండ్యూరో ఫ్రేముల్లో 150 నుంచి 180. దిగడానికి తప్ప ఎక్కడానికి పనికిరాని డౌన్‌హిల్ ఫ్రేముల్లో 200 దాకా.

'ఎక్కువుంటే మంచిదేగా' అనుకుంటే పొరపాటే. మన దగ్గర కొండ దిగాలంటే ముందు తొక్కుకుంటూ ఎక్కాలి. సైకిలుతో సహా పైకి చేర్చే రోప్‌వేలు ఇక్కడ లేవు. 170 మి.మీ. ఫ్రేముతో వెయ్యి మీటర్లు ఎక్కడమంటే బస్తా నెత్తిన పెట్టుకుని తిరుమల మెట్లెక్కినట్టే. మన్యం అంచున ఉండేవాళ్లకి 120 నుంచి 140 మధ్యలోని ట్రైల్ ఫ్రేము ధారాళంగా సరిపోతుంది.

ట్రావెల్‌తోపాటు చూడాల్సిన రెండో అంకె 'హెడ్ యాంగిల్'. హ్యాండిలు గొట్టం నేలతో చేసే కోణమిది. కోణం తగ్గేకొద్దీ ముందు చక్రం మనిషికి దూరంగా జరుగుతుంది. నిటారు దిగుడులో ధైర్యంగా ఉంటుంది కానీ ఎత్తు మీద నెమ్మదిగా తొక్కుతుంటే హ్యాండిలు అటూ ఇటూ పోతుంటుంది. ట్రైల్ ఫ్రేములకి 64 నుంచి 66 డిగ్రీలు ఇప్పుడు మామూలు. మూడోది సీటు గొట్టం కోణం. ఇది 75 డిగ్రీలు, ఆపైన ఉంటే ఎత్తు తొక్కేటప్పుడు మనిషి వెనక్కి జారిపోకుండా పెడళ్ల మీదకి వస్తాడు.

కాలు నేలకి అందుతోందా?

పాత సైకిళ్లకి 22 అంగుళాలు, 24 అంగుళాలు అని లెక్క. సీటు గొట్టం పొడవు చూసేవారు. మౌంటెన్ బైకుల్లో ఆ లెక్క చెల్లదు. సీటును ఎలాగూ పైకీ కిందకీ జరుపుకోవచ్చు. మనిషికి చొక్కాలా కుదరాల్సింది 'రీచ్'. అంటే పెడళ్ల ఇరుసు నుంచి హ్యాండిలు గొట్టం పైకొస వరకు అడ్డంగా ఉండే దూరం. పెడళ్ల మీద నిలబడి దిగేటప్పుడు మనిషికి దొరికే చోటు ఇదే. ఇప్పటి ట్రైల్ ఫ్రేముల్లో మీడియం సైజు రీచ్ సుమారుగా 440 నుంచి 460 మి.మీ. మధ్య ఉంటుంది. నిలువు కొలతను 'స్టాక్' అంటారు.

ఒకే 'మీడియం' రెండు కంపెనీల్లో రెండు రకాలుగా ఉంటుంది. అందుకే అక్షరం చూడొద్దు, అంకె చూడాలి. అంతకన్నా మంచి ఉపాయం... మీకు హాయిగా కుదిరిన సైకిలు ఏదైనా ఉంటే దాని రీచ్, స్టాక్ తెలుసుకుని వాటి పక్కన కొత్త ఫ్రేము అంకెలు పెట్టి చూడటం. అలాంటి సైకిలు లేకపోతే విశాఖపట్నంలోనో హైదరాబాద్‌లోనో పెద్ద షాపులకి వెళ్లి రెండు మూడు సైజుల మీద కూర్చుని చూడాలి. బస్సు చార్జీ లెక్కచేయొద్దు. తప్పు సైజు ఫ్రేముని తిరిగి అమ్మితే పోయే డబ్బు ముందు అది ఎంత?

పొట్టివాళ్లూ, ఆడపిల్లలూ ఇంకో రెండు విషయాలు చూసుకోవాలి. పైగొట్టం కిందకి వాలి ఉంటే రాళ్ల మధ్య ఆగినప్పుడు కాలు భద్రంగా నేలకి ఆనుతుంది. సీటు గొట్టం పొట్టిగా ఉంటే బొత్తాం నొక్కగానే దిగిపోయే 'డ్రాపర్' సీటు పోస్టు పూర్తిగా లోపలికి పడుతుంది. బరువు తక్కువున్నవాళ్లకి గాలి నింపే షాకబ్జార్బరు మేలు. పంపుతో గాలి తగ్గించుకుంటే చాలు. లోహపు స్ప్రింగు రకమైతే బరువుకి తగ్గ స్ప్రింగు మళ్లీ కొనాల్సిందే.

కీళ్లు బాగుంటేనే...

ఈ ఫ్రేము రెండు ముక్కలుగా ఉంటుంది. ముందు త్రికోణం కదలదు. వెనక భాగం కీళ్ల మీద కదులుతుంది. ఆ కీళ్లు అమర్చిన తీరులోనే కంపెనీల తెలివంతా ఉంది.

అన్నిటికన్నా తేలికది 'సింగిల్ పివట్'. తలుపు బందు మీద తిరిగినట్టు వెనక భాగమంతా ఒకే కీలు మీద ఆడుతుంది. బేరింగులు తక్కువ, ఖర్చూ తక్కువ. కాకపోతే బ్రేకు పట్టినప్పుడు సస్పెన్షన్ కొంత బిగుసుకుంటుంది. నాలుగు కడ్డీల అమరికలో వెనక ఇరుసుకి దగ్గరగా ఇంకో కీలు ఉంటుంది. దీన్ని కనిపెట్టిన హోర్స్ట్ లైట్నర్ పేరు మీదే 'హోర్స్ట్ లింక్' అంటారు. బ్రేకు పట్టినా చక్రం స్వేచ్ఛగా కదులుతుంది. రెండు పొట్టి లింకుల మీద వెనక త్రికోణం వేలాడేవి మూడో రకం. ఎత్తు తొక్కేటప్పుడు ఊగిసలాట తక్కువ. క్రాస్‌కంట్రీ ఫ్రేముల్లో కొన్నిటికి వెనక కీలే ఉండదు, సన్నని కార్బన్ గొట్టమే కొద్దిగా వంగుతుంది.

ఏది గొప్పది అంటే ఒక్క జవాబు లేదు. కానీ మన వానాకాలం ఒక ప్రశ్న అడుగుతుంది... 'బేరింగులు ఎన్ని, దొరుకుతాయా?' ఎర్రమట్టి బురద కీళ్లలోకి దూరితే ఎంత ఖరీదైన ఫ్రేమైనా కిర్రుమంటుంది. బేరింగుల నంబర్లు మామూలు బేరింగు షాపులో దొరికేవయితే విశాఖ నుంచే తెచ్చుకోవచ్చు. ఆ కంపెనీకి మాత్రమే ప్రత్యేకమైతే నెలల తరబడి పార్శిల్ కోసం ఎదురుచూపులే. షాకబ్జార్బరుకీ సేవ తప్పదు. సుమారు 50 గంటల స్వారీకోసారి గాలి గది సీళ్లు శుభ్రం చేసి నూనె మార్చమని చెప్పే కంపెనీలున్నాయి.

అల్యూమినియమా... కార్బనా?

కార్బన్ ఫ్రేము అల్యూమినియం కన్నా అరకిలో నుంచి కిలో దాకా తేలిక. ధర మాత్రం బరువే! కింది గొట్టానికి రాయి గట్టిగా తగిలితే పైకి కనిపించని పగులు రావచ్చు. అల్యూమినియం సొట్టపడితే కళ్లకి కనిపిస్తుంది. అలాగని విరిగిన అల్యూమినియం ఫ్రేముని ఊళ్లో వెల్డింగు షాపుకి తీసుకెళ్లొద్దు. ఎక్కువగా వాడే 6061 రకం అల్యూమినియాన్ని వెల్డింగు తర్వాత పద్ధతి ప్రకారం మళ్లీ వేడిచేసి బలం తేవాలి. ఆ పని ఊరి షాపులో కుదరదు. తాతగారి ఉక్కు సైకిలుకి అతుకు వేయించినట్టు దీనికీ వేయిస్తే ఘాట్ మధ్యలో ప్రాణం మీదకి వస్తుంది. మొదటిసారి కట్టించుకునేవాళ్లకి అల్యూమినియమే క్షేమం. మిగిలిన డబ్బు మంచి షాకబ్జార్బరు మీద, బ్రేకుల మీద పెట్టొచ్చు.

ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే

పాత సైకిళ్లకి ఓ సుఖం ఉండేది. దాదాపు ఏ కంపెనీ బీబీ కప్పయినా ఏ ఫ్రేముకైనా పట్టేది. ఇప్పుడలా కాదు. ఫ్రేము ఏది చెబితే మిగతావన్నీ ఆ కొలతకే రావాలి. అందుకే 'ఆఫర్‌లో దొరికాయని' చక్రాలు ముందే కొనేస్తే ఇబ్బందే.

ఉదాహరణకి వెనక ఇరుసు. కొత్త ఫ్రేముల్లో ఎక్కువగా 12 మి.మీ. మందం, 148 మి.మీ. వెడల్పు. దీన్నే 'బూస్ట్' అంటారు. కాస్త పాతవయితే 142. ఆరు మిల్లీమీటర్లే తేడా... కానీ 148 కోసం చేసిన చక్రం 142 ఫ్రేములో పట్టదు. బీబీ దగ్గర మరలున్న 73 మి.మీ. రకమయితే విప్పడం, బిగించడం తేలిక. నొక్కి కూర్చోబెట్టే 'ప్రెస్‌ఫిట్' రకానికి ప్రత్యేక పనిముట్లు కావాలి. వానాకాలంలో చప్పుళ్లూ ఎక్కువ. సీటు పోస్టు 30.9, 31.6, 34.9... మూడు మందాల్లో ఉంటుంది.

గేర్ల మరను పట్టుకునే 'హ్యాంగర్' చిన్న ముక్కే. కిందపడితే ఫ్రేము బదులు తను విరిగేలా మెత్తగా చేస్తారు. ఒకప్పుడు ఫ్రేముకో రకం. 2019లో శ్రామ్ కంపెనీ 'యూడీహెచ్' పేరుతో ఎన్నో కంపెనీల ఫ్రేములకు సరిపోయే హ్యాంగర్ తెచ్చింది. పల్లెల్లో ఉండేవాళ్లు యూడీహెచ్ ఉన్న ఫ్రేము తీసుకుంటే మంచిది. ఒకటి అదనంగా కొని దగ్గరుంచుకోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం షాకబ్జార్బరు కొలత. దాన్ని '210 బై 50' అన్నట్టు రాస్తారు. మొదటిది మొత్తం పొడవు, రెండోది లోపలికి వెళ్లే దూరం. ఫ్రేము 130 మి.మీ. ట్రావెల్‌ది అయి, షాకబ్జార్బరు 50 మి.మీ. కదిలితే నిష్పత్తి 2.6. అంటే షాకబ్జార్బరు ఒక మిల్లీమీటరు కదిలితే చక్రం సగటున 2.6 మిల్లీమీటర్లు కదిలినట్టు. ఈ నిష్పత్తి తక్కువుంటే తక్కువ గాలితోనే పని జరుగుతుంది. బరువైనవాళ్లకి ఇది మేలు. 'ఇంకాస్త మెత్తగా ఉంటుందని' లోపలికి ఎక్కువ దూరం వెళ్లే షాకబ్జార్బరు బిగిస్తే పూర్తిగా నొక్కుకున్నప్పుడు వెనక చక్రం సీటు గొట్టాన్ని తాకొచ్చు. ముందు ఫోర్కూ అంతే. 10 మి.మీ. పొడుగు పెరిగితే హెడ్ యాంగిల్ దాదాపు అర డిగ్రీ మారుతుంది, హ్యాండిలు గొట్టం అతుకుల మీద భారం పెరుగుతుంది. కంపెనీ చెప్పిన హద్దు దాటితే వారంటీ కూడా పోవచ్చు.

సెకండ్‌హ్యాండ్ అయితే...

ధర సగానికి వస్తుందని చాలామంది చూపు ఇటే. తప్పేం లేదు. కానీ ఫ్రేముని కడిగించి, పట్టపగలు వెలుతురులో చూడండి. హ్యాండిలు గొట్టం అతుకులు, బీబీ చుట్టూ, షాకబ్జార్బరు బిగించే చోటు, ప్రతి కీలు పక్కనా వెంట్రుకవాసి గీత కనిపించినా వదిలేయండి. వెనక చక్రాన్ని పక్కకి ఊపితే టకటకమంటే బేరింగులు అరిగినట్టే. మామూలుగా వారంటీ మొదటి యజమానికే పరిమితం. అసలు బిల్లు, ఫ్రేము కింది నంబరూ సరిచూసుకోవడం మరవొద్దు. దొంగసొత్తు కొంటే డబ్బుతోపాటు పరువూ పోతుంది.

కొత్తదయితే 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్లూ, వాటి విడిభాగాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గడం కొంత ఊరట. విదేశాల నుంచి నేరుగా తెప్పిస్తే మాత్రం కస్టమ్స్ సుంకం, రవాణా కలిపి లెక్కేసుకోవాలి. తేడా వస్తే తిరిగి పంపే ఖర్చూ మనదే.

డబ్బు కట్టేముందు

* తొక్కబోయే దారి ఏదో కాగితం మీద రాసుకోండి. తారు రోడ్డే ఎక్కువైతే ఇక్కడే ఆగిపోండి.
* ట్రావెల్ నిర్ణయించుకోండి. ఎక్కి దిగేవాళ్లకి 120 నుంచి 140 మి.మీ.
* రీచ్, స్టాక్ అంకెలు సరిచూసుకోండి. సైజు అక్షరాన్ని నమ్మొద్దు.
* ఫ్రేముతో షాకబ్జార్బరు వస్తుందో లేదో అడగండి. రాకపోతే దాని ఖర్చు కలపండి.
* వెనక ఇరుసు, బీబీ, సీటు పోస్టు, ఫోర్కు కొలతలు రాసుకున్నాకే మిగతావి కొనండి.
* హ్యాంగరు, కీళ్ల బేరింగులు ఫ్రేముతోపాటే ఓ జత తీసుకోండి.
* హెల్మెట్, మోకాలి కవచాల డబ్బు ముందే పక్కన పెట్టండి. మిగిలినదే సైకిలు బడ్జెట్.

సైకిలు తయారయ్యాక మొదటి పని కొండెక్కడం కాదు. కూర్చుని షాకబ్జార్బరు ఎంత దిగిందో కొలవడం. 50 మి.మీ. కదిలేదయితే మనిషి బరువుకి 13 నుంచి 15 మి.మీ. దిగాలి. దాని కడ్డీ మీద ఉండే రబ్బరు రింగు ఈ లెక్క చూపిస్తుంది. తక్కువైతే గాలి తీయాలి, ఎక్కువైతే కొట్టాలి. ఇంట్లో వరండాలోనే అయిపోయే పని. ఒకరు సైకిలెక్కి గోడ పట్టుకుని కదలకుండా కూర్చోవాలి, ఇంకొకరు వంగి స్కేలుతో చూడాలి. లక్ష రూపాయలెందుకని గుండె మీద చెయ్యి వేసుకున్న నాన్నకే ఆ స్కేలు ఇవ్వండి. ఒకప్పుడు షాపులో ముక్కాలిపీట మీద కూర్చుని తన సైకిలు బిగింపు చూసిన మనిషి... మిల్లీమీటరు తేడా కూడా వదలడు!